శిరీష కుడి భుజం

2023 వానాకాలం. జగిత్యాలలో నా ఫిజియోథెరపీ క్లినిక్‌కు అప్పటికి పదకొండేళ్లు. వచ్చేవాళ్లలో ఎక్కువమంది బీడీలు చుట్టి మెడ పట్టేసినవాళ్లు, నాట్లు వేసి నడుము పోయినవాళ్లు. అలాంటి చోటికి ఒకరోజు దేశం తరఫున రగ్బీ ఆడే పిల్ల వచ్చింది.

శిరీషది బీర్పూర్. తండ్రి రాజేశం గౌడ్ తాటిచెట్లెక్కి కల్లు గీస్తాడు. ఆమె వింగర్, అంటే మైదానం అంచున బంతి అందుకుని ఉరికే మనిషి. ఇండియాకు మూడు మ్యాచులు ఆడింది. నాలుగోదానిలో ఎదుటి మనిషిని టాకిల్ చేస్తూ, అంటే నడుము పట్టి పడేస్తూ, కుడి భుజం జార్చుకుంది. డాక్టర్లు కీలు సర్ది స్లింగ్ వేశారు. మెడకు వేలాడే ఆ పట్టీలో చెయ్యి మూడు వారాలు కదలకుండా ఉండాలి. తర్వాత నాలుగు నెలలు నా దగ్గర కసరత్తు. ఆపైన జాతీయ క్యాంపు.

"క్యాంపుకు పోకపోతె నా జాగల ఇంకొకలొస్తరు మేడం. మల్ల నన్నెవరు పిలుస్తరు?" అంది మొదటి రోజే.

"పోతవ్ బిడ్డా. నాది పూచి," అన్నాను.

స్లింగ్ వేసిన పదో రోజున కోరుట్లలో ఆమెకు సన్మానం పెట్టారు. నన్నూ వేదికెక్కించారు. ఆమె ఏ ఆట ఆడుతుందో అక్కడ తెలిసినవాడు ఒక్కడూ లేడు. మైకులో ఒకాయన కబడ్డీ అన్నాడు. ఇంకొకాయన "గదే, బంతితోని కబడ్డీ" అని సర్దాడు. పళ్లు కొరుక్కుంటూ కూర్చున్నాను.

సభ పెట్టినాయన నా దగ్గరికి వంగాడు. "మేడం, గా పట్టి ఇప్పుండ్రి. ఫొటోల మంచిగ అనిపిస్తలేదు. పది నిమిషాలే."

శిరీష నావైపు చూసింది. వద్దనాల్సింది. అప్పటికే నా భుజాల మీద సిరిసిల్ల శాలువా పడింది, నోరు మెత్తబడింది. నా చేత్తోనే విప్పాను.

దండలు అయ్యాయి. ఆ తర్వాత ముఖ్య అతిథిగా వచ్చిన పార్టీ నాయకుడు, ఎన్నికల్లో గెలిచినవాళ్లకు చేసినట్టు, ఆమె కుడి మణికట్టు పట్టుకుని ఒక్క గుంజున పైకి లేపాడు. జారిన భుజాన్ని అలా ఎత్తకూడదని మాకు మొదట్లోనే నేర్పుతారు. "అన్నా, ఒద్దు!" అని నేను లేచేసరికే కీలు మళ్లీ జారింది. శిరీష అరిచింది. జనం చప్పట్లు కొట్టారు. బ్యాండువాళ్లు ఇంకా జోరుగా వాయించారు.

ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. ఈసారి ఆపరేషన్ తప్పలేదు. క్యాంపుకు ఇంకో అమ్మాయి వెళ్లింది, శిరీషకు మళ్లీ పిలుపు రాలేదు. నాయకుడు ఆస్పత్రికి పండ్లు తెచ్చి, సిగ్గులేకుండా అక్కడా ఫొటో దిగాడు.

రాజేశం గౌడ్ నన్ను తిట్టలేదు. "చెట్టెక్కే మోకు నేను ఎవ్వలిని ముట్టనియ్య మేడం. పానం దాని మీదుంటది. నా బిడ్డ పట్టి మీ చేతుల వెట్టిన," అన్నాడు. తిట్టినా బాగుండేది.

పట్టీ ఎప్పుడు విప్పాలో చెప్పడమే నా పని. ఎవరు నొచ్చుకుంటారోనని ఆ మాట మింగేస్తే నా చదువు దండగ. ఆ తర్వాత ఎవరి కోసమూ మింగలేదు.

నెల తర్వాత కోరుట్ల వెళ్తే, ఆ ఫొటోతో పెద్ద ఫ్లెక్సీ కట్టి ఉంది. నాయకుడు నవ్వుతున్నాడు, చెయ్యెత్తిన శిరీష నోరు తెరిచి అరుస్తోంది. వెళ్లి చింపడం మొదలుపెట్టాను.

"ఏందమ్మా గట్ల చింపుతున్నవ్?" పక్కనున్న టీకొట్టాయన లేచొచ్చాడు. "గెలిచిన సంబురంల పిల్ల ఎంత మంచిగ ఒర్రుతుందో!"

"సంబురం గాదయ్యా, నొప్పికి ఒర్రుతుంది," అన్నాను. "గా చేతి పట్టి ఇప్పింది నేనే."