మారు వెళ్లినవాడు

ఆ వేసవిలో నూకరాజుకి పచ్చకామెర్లు రాకపోయి ఉంటే, రాజాబాబు ఈపాటికి ఖుర్సీపార్‌లో తన రేకుల ఇంటి అరుగు మీద కూర్చుని బీడీ కాల్చుకుంటూ ఉండేవాడు. ఈ మాట నూకరాజు మనుషులెవరితోనూ అనడు. పొద్దున్నే తూర్పుకి తిరిగి దణ్ణం పెట్టుకునేటప్పుడు దేవుడితో మాత్రం అంటాడు.

నూకరాజు తండ్రి శ్రీకాకుళం దగ్గరి పల్లెనుంచి భిలాయికి వచ్చి స్టీల్‌ప్లాంటులో కొలువు చేసి, సెక్టర్ 6 క్వార్టర్లో ముప్ఫై ఏళ్లుండి రిటైరయ్యాడు. కొడుక్కి ఆ కొలువు దక్కలేదు. ఊరి అంచున ఇనప దూలాలు చేసే ఒక ప్రైవేటు కంపెనీలో కాంట్రాక్టు కూలీగా చేరి, పదహారేళ్లు అక్కడే పనిచేశాడు. ఆ కంపెనీ మంచి చెయ్యలేదంటే కళ్లు పోతాయి. నూకరాజు తల్లి కంటిపొర తీయించింది వాళ్లు పెట్టిన శిబిరంలోనే. చెట్లు నాటించారు, బడికి బెంచీలిచ్చారు. ఏటా ఒక సభ పెట్టి బీద ఆడవాళ్లకి కుట్టుమిషన్లు పంచేవారు.

కానీ లోపల ఒక నియమం ఉండేది. మూడు రోజులు వరసగా రాకపోతే గేటుపాసు రద్దు. జ్వరమైనా అంతే, పెళ్లాం పురిటికైనా అంతే. ఆ నియమం కింద నలిగి నలిగి కూలీలు తమలో తాము ఒక కట్టుబాటు ఏర్పరచుకున్నారు. ఒకడు మంచాన పడితే, పాసు లేక ఖాళీగా ఉన్న ఇంకొకడు వాడి కార్డు పట్టుకుని వాడి పేరు మీద పనికి వెళ్తాడు. దాన్ని 'మారు' వెళ్లడం అనేవారు. మారు వెళ్లినవాడు పైసా ముట్టుకోడు, కూలి అంతా జబ్బుపడ్డవాడి ఇంటికే. జబ్బుపడ్డవాడి ఇల్లాలు అతనికి అన్నం క్యారేజీ పంపిస్తుంది. గేటు దగ్గర కాపలావాడు కార్డు రంగు చూస్తాడు గానీ ఫోటో చూడడు. సూపర్‌వైజరుకి అంతా తెలుసు. ఆయనకి కావలసింది తలల లెక్క సరిపోవడం.

రాజాబాబు నూకరాజుకి పక్కపల్లెవాడు. చుట్టరికం లేకపోయినా బావా అని పిలిచేవాడు. కాంట్రాక్టరు మారడంతో రెండు నెలల కిందట అతని పాసు పోయింది. నూకరాజు కళ్లు పసుపుపచ్చగా మారిన రోజున తనే వచ్చి, గోడకున్న మేకు మీదనుంచి కార్డు తీసుకున్నాడు.

"ఫొటోలో నాకన్నా నల్లగున్నావు బావా. ఓ గడియ ఎండలో నిలబడి ఎల్తాన్లే," అన్నాడు. "నువ్వు నెగకు. మజ్జిగ తాగి తొంగో. ఇయ్యాల నీకు, రేపు నాకు."

నూకరాజుకి ఉప్పూ నూనే లేని పథ్యం. అతని భార్య భాగ్యరేఖ మాత్రం రాజాబాబు క్యారేజీలో ఆవకాయ ముక్క వెయ్యడం మరిచిపోలేదు. పది రోజులు అలా జరిగింది.

పదకొండో రోజు మధ్యాహ్నం కంపెనీ ఆఫీసరు లక్ష్మీప్రసాద్ వాళ్ల గుమ్మం ముందు కారు దిగాడు. స్మృతి నగర్‌లో ఉండే చదువుకున్న మనిషి, మెత్తటివాడు. చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. క్రేను మీదనుంచి ఇనప పలక జారిందనీ, ఆస్పత్రికి చేరేలోపే అయిపోయిందనీ, జేబులో ఈ కార్డు దొరికిందనీ భాగ్యరేఖతో చెప్పాడు. "ధైర్యం తెచ్చుకోండమ్మా. మీ ఆయన..." అని ఆగిపోయాడు.

తన చావు కబురు నూకరాజు లోపల నులకమంచం మీదనుంచి విన్నాడు. గోడ పట్టుకుని లేచి గుమ్మంలోకి వచ్చాడు. అతన్ని చూడగానే లక్ష్మీప్రసాద్ ముఖం నిజంగానే వెలిగింది. పోయాడనుకున్న మనిషి లేచి వస్తే ఎవరికైనా ఆనందమే కదా. కానీ ఆ ఆనందం వెనకే ఇంకో ఆలోచన వచ్చి ఆయన కళ్లలో కూర్చోవడం నూకరాజు చూశాడు. హాజరు పుస్తకంలో ఉన్న మనిషి బతికే ఉన్నాడు. పోయినవాడు పుస్తకంలో లేడు.

నాలుగు రోజుల తరవాత ఆఫీసుకి పిలిచారు. లక్ష్మీప్రసాద్ కుర్చీ వేయించి, చెరకురసం తెప్పించాడు. అమ్మగారి కన్ను ఎలా ఉందని అడిగాడు. తరవాత కాగితం ముందుకి జరిపాడు. నూకరాజు కార్డు పోయిందనీ, దాన్ని రాజాబాబు దొంగిలించి లోపలికి చొరబడ్డాడనీ అందులో రాసి ఉంది. సంతకం పెడితే నూకరాజు పని నిలుస్తుంది. పెట్టకపోతే కార్డు వేరేవాడికిచ్చినందుకు తన మీద కేసు పెడతారు, పనీ పోతుంది.

"రాజాబాబు కుటుంబాన్ని గాలికి వదిలెయ్యం నూకరాజూ. వచ్చే సభలో ఆవిడకి మిషను ఇస్తాం, పాపని చదివిస్తాం. సాయం ఎంతైనా చేస్తాం. మా కార్మికుడని మాత్రం రాయలేం. రాస్తే గేటు నుంచి క్రేను దాకా అన్నిటికీ జవాబు చెప్పాలి."

ఆయన అబద్ధం చెప్పడం లేదని నూకరాజుకి తెలుసు. మిషను తప్పకుండా ఇస్తారు. అదే అతన్ని ఎక్కువ బాధపెట్టింది. ఆలోచించుకుంటానని కాగితం మడిచి జేబులో పెట్టుకుని, తిన్నగా రాజాబాబు ఇంటికి వెళ్లాడు.

నువ్వు కార్డు ఇవ్వకపోతే నా మొగుడు బతికేవాడు అంటుందని దారంతా భయపడ్డాడు. రాజాబాబు భార్య గున్నమ్మ ఆ మాట అనలేదు. పుట్టెడు దుఃఖంలోనూ, జబ్బుమనిషి ఎండన పడి వచ్చాడని చాప వేసి, కాచి చల్లార్చిన నీళ్లు తెచ్చిచ్చింది. తొమ్మిదేళ్ల కూతురు ఛాయ తండ్రి చొక్కా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కాగితంలో ఉన్నదంతా నూకరాజు చదివి చెప్పాడు.

గున్నమ్మ పిల్ల వైపు చూసింది. "మిసను ఒద్దనను అన్నియ్యా. ఒద్దనడానికి మాకేటుంది? కానీ రేపు బడిలో ఎవులైనా పిల్లని చోర్ కీ బేటీ, దొంగ కూతురా అంటే, నానేటి సెప్పాల?"

ఆ రాత్రి భాగ్యరేఖ ఏడ్చింది గానీ అడ్డు చెప్పలేదు. తెల్లవారి నూకరాజు ఆ కాగితం సంతకం లేకుండానే తిరిగి ఇచ్చేశాడు. దుర్గ్‌లోని లేబరు ఆఫీసుకి వెళ్లి ఉన్నదున్నట్టు రాసిచ్చాడు: కార్డు నా చేత్తో నేనే ఇచ్చాను, అతను నాకు మారు వెళ్లాడు.

విచారణ రోజున సూపర్‌వైజరు ఉదయ్‌కుమార్‌ని పిలిచారు. అతనూ తెలుగువాళ్ల పిల్లాడే, భిలాయిలో పుట్టినవాడు. ఇద్దరు పసిపిల్లల తండ్రి. నాకేమీ తెలీదన్నా అతన్ని తప్పుపట్టకూడదని నూకరాజు ముందే అనుకున్నాడు. ఉదయ్‌కుమార్ లక్ష్మీప్రసాద్ వైపు చూశాడు, తరవాత నేలవైపు చూశాడు. "నాకు మాలూం సార్, అంతా తెలుసు," అన్నాడు సన్నగా. "పదకొండు రోజులూ రాజాబాబూ అనే పిలిచాను. ఆ పలక కిందకి వెళ్లమన్నదీ నేనే."

పనిలో ఉండగా మరణించిన కార్మికుడు అని లేబరు అధికారి రాయించాడు. కంపెనీ పైకోర్టుకి వెళ్లింది. కేసు ఇంకా నడుస్తూనే ఉంది. నూకరాజు పని ఆ వారమే పోయింది, ఉదయ్‌కుమార్‌ది నెల తిరక్కుండా పోయింది. ఆ ఏటి సభలో కుట్టుమిషను వేరే ఎవరికో ఇచ్చారు. గున్నమ్మ సెక్టర్ 4లో రెండిళ్లలో అంట్లు తోముతోంది.

విచారణనుంచి వస్తూ ఆటో కోసం నిలబడ్డప్పుడు ఆమె నూకరాజుతో ఒక మాట అంది. "నీ మీద కోపం నేదని అబద్దమాడను అన్నియ్యా. ఉంది. పోదు కూడాను. అయితే ఆయన పనికెల్లి పోనాడని పిల్లకి సెప్పుకోగల్ను." ఆటో వచ్చాక ఆమె ముందెక్కింది. జబ్బుపడి లేచిన మనిషని అతనికి చోటుండేలా లోపలికి సర్దుకుంది.

మూడు రోజుల నియమాన్ని కంపెనీ తీసెయ్యలేదు. గేటు దగ్గర వేలిముద్ర యంత్రం మాత్రం పెట్టింది. ఇప్పుడు ఒకరికి ఒకరు మారు వెళ్లే దారి లేదు. నీ నిజం మా కొంప ముంచిందని పాత తోటివాళ్లు కొందరు నూకరాజుతో మాటలు మానేశారు. వాళ్లన్నదాంట్లోనూ నిజం ఉంది కాబట్టి అతను ఎదురు చెప్పడు. గోడలకి సున్నాలు వేస్తూ బతుకుతున్నాడు.

మొన్న వానల్లో, పొద్దున షిఫ్టు వేళకి, టీబండి దగ్గర ఒకడు సైకిలు దిగి వణుకుతూ నిలబడ్డాడు. నూకరాజుతో మాట్లాడని వాళ్లలో ఒకడు. ఒళ్లు ముట్టుకుంటే పెనంలా ఉంది. పనికి పోక అది రెండో రోజో మూడో రోజో నూకరాజు అడగలేదు. తన చేతిలోని టీ గ్లాసు అతని చేతిలో పెట్టి, అతను తాగేదాకా సైకిలు పట్టుకున్నాడు. నేనెళ్తాలే, నువ్వు ఇంటికెళ్లి పడుకో అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది. అనడానికి లేదు. అతను ఎక్కాక, సైకిలు సీటు వెనక చెయ్యి వేసి, కంపెనీ గేటు మలుపు దాకా నడిపించాడు.