బిందెలో మేకల గంటలు

నల్లగొండలో ఎన్నడో మూతపడ్డ పాత టాకీసును డిసెంబరులో క్రిస్మస్ చెట్ల పోటీకి తెరుస్తారు. ఆ ఏడు మొదటి బహుమతిగా ఇచ్చిన స్టీలు బిందె, దేవరకొండ బస్సులో నా పక్కన కూర్చున్నామె ఒళ్లో ఉంది. తుమ్మకొమ్మకు మేకల మెడగంటలు కట్టి గెలిచింది. హైదరాబాదు నుంచి ఎర్ర గాజుగుండ్లు తెప్పించి మూడు రోజులు చెట్టు సింగారించిన నాకు ఏమీ రాలేదు. గంటలన్నీ ఆమె ఆ బిందెలోనే వేసుకుంది. బస్సు గుంతలో పడ్డప్పుడల్లా అవి మోగుతుంటే నాకు కడుపు మండిపోయింది.

"పొద్దుగాల మళ్ల మేకలకు కట్టాలె. గంటల్లేకుంటే ఏది ఎటు పోయిందో తెల్వది" అంది. తర్వాత నా వైపు తిరిగింది. "మీరు గూడ చెట్టు పెట్టిన్రా అక్కా?"

"లేదు. ఊకెనే చూద్దామని వచ్చిన."

"గా ఎర్రగుండ్ల చెట్టు చూసిన్రా మరి? నేనైతే నా చెట్టు ఇడిశిపెట్టి దాని దగ్గర్నే నిలబడ్డ. ఎవరు చేసిన్రో గని, గీ బిందె వాళ్లకే రావాలె."

"చూడలేదు" అన్నాను.

పాపం, చూడలేదు కదా అని, ఆ చెట్టు ఎట్లా ఉందో దేవరకొండ దాకా నాకు చెప్తూనే వచ్చింది.