యాభై మూడు పళ్ళ గేరు

2022 జూన్. చేపల వేట నిషేధం ముగిసి బోట్లు సముద్రంలోకి దిగడానికి వారం రోజులే ఉంది. తెనాలిలో ఉన్న నా గేర్ కటింగ్ షాపుకి రేపల్లె వైపు నుంచి ఒక ఐస్ ఫ్యాక్టరీ యజమాని విరిగిన గేరు ఆటోలో వేసుకుని వచ్చారు. పేరు ప్రసాద్ గారని అనుకుందాం. ఐస్ దిమ్మల్ని పొడి చేసే క్రషర్‌లోది ఆ గేరు. ఆయన వెంట క్రషర్ నడిపే కొండలు అనే అతను ఉన్నాడు. వేటలో భుజం దెబ్బతిని, బోటు మానేసి అక్కడ చేరిన మనిషి.

పళ్ళు లెక్కపెట్టాను. యాభై మూడు. నాకు తలనొప్పి మొదలైంది. గేరు కోసేటప్పుడు చక్రాన్ని సమాన భాగాలుగా తిప్పడానికి ఇండెక్సింగ్ ప్లేట్ వాడతాం. వలయాలు వలయాలుగా రంధ్రాలున్న ఇనప బిళ్ళ అది. యాభై నాలుగు పళ్ళయితే ఇరవై ఏడు రంధ్రాల వలయంతో కోసేయొచ్చు, ఇరవై ఏడుకి అది గుణిజం కాబట్టి. యాభై మూడు ప్రధాన సంఖ్య. ఒకటీ, తానూ తప్ప దానికి కారణాంకాలే లేవు. నా ప్లేట్లలో ఏ వలయమూ దానికి పనికిరాదు.

"నాలుగు రోజులు ఆగాలండి. యాభై నాలుగైతే ఇవాళే కోసిచ్చేవాణ్ణి. దీనికి వేరే ప్లేట్ల సెట్టు బయటి నుంచి తెప్పించాలి" అన్నాను.

"ఒక పన్ను ఎక్కువైతే ఏంటండి? యాభై నాలుగు కోసేయండి. మోటారు కాస్త వెనక్కి జరుపుకుంటాం" అన్నారు ప్రసాద్ గారు.

వద్దని చెప్పాను. ఆ గేరుతో కలిసి తిరిగే చిన్న గేరుని పినియన్ అంటాం. దానికి పద్దెనిమిది పళ్ళు. యాభై మూడుకీ పద్దెనిమిదికీ ఒకటి తప్ప ఉమ్మడి కారణాంకం లేదు. అందుకని పినియన్‌లో ప్రతి పన్నూ పెద్ద గేరులోని అన్ని పళ్ళనీ వంతులవారీగా కలుస్తుంది, అరుగుదల అన్నిటికీ సమానంగా పంచినట్టు ఉంటుంది. యాభై నాలుగంటే పద్దెనిమిదికి సరిగ్గా మూడు రెట్లు. అప్పుడు పినియన్‌లో ఒక్కో పన్ను ఎప్పుడూ అవే మూడు పళ్ళని తాకుతుంది. పైగా గేరుతో పాటు ఆయన తెచ్చిన పినియన్‌లో ఒక పన్ను అంచు ఎగిరిపోయి ఉంది. అది కూడా మార్చమన్నాను.

"మీది మరీ చాదస్తమండి" అని నవ్వి, గేరు మళ్ళీ ఆటో ఎక్కించి బాపట్లలో మరో షాపుకి వెళ్ళిపోయారు. వాళ్ళు మర్నాటికల్లా యాభై నాలుగు కోసిచ్చారు.

దసరా ముందు కొండలు ఒక్కడే వచ్చాడు.

"గేరు మళ్ళీ పోయింది బాబాయ్. క్రషర్లో ఇనప ముక్క పడేసి నేనే విరగ్గొట్టానని పన్లోంచి తీసేశారు. చుట్టుపక్కల ఐస్ ఫ్యాక్టరీలన్నిటికీ ఫోన్ చేసి అదే చెప్పారు. ఎవరూ పనివ్వట్లా. ఈ భుజంతో మళ్ళీ వల లాగలేను. మీరొచ్చి ఒక్కసారి చూసి చెప్పండి."

నాకు ఒళ్ళు మండింది. మర్నాడు అతన్ని వెంటబెట్టుకుని వెళ్ళాను. గేరు షెడ్డులో ఓ మూల పడేసి ఉంది. మూడు చోట్ల పన్ను లేదు. ప్రసాద్ గారి ఎదురుగానే సుద్దముక్కతో గుర్తులు పెట్టుకుంటూ లెక్కపెట్టాను. ఒక ఖాళీ నుంచి ఇంకో ఖాళీకి పద్దెనిమిది. మళ్ళీ పద్దెనిమిది. మళ్ళీ పద్దెనిమిది.

"ఇనప ముక్క పడితే ఒకేచోట వరసగా విరుగుతాయండి. ఇలా కొలత పెట్టినట్టు విరగవు. మీరు మార్చని ఆ పినియన్లో అంచు పోయిన పన్ను ఈ మూడింటినే కొట్టీ కొట్టీ విరగ్గొట్టింది. ఇందులో కొండలు తప్పేం లేదు."

ఆయన వంగి తనే ఒకసారి లెక్కపెట్టుకున్నారు.

"నిజమేనండి" అన్నారు.

కొండలు రెండడుగులు ముందుకొచ్చాడు. "అయితే రేపట్నుంచి పన్లోకి రమ్మంటారా సార్?"

"నీ చోట్లో ఇంకొకణ్ణి పెట్టేశాం కదయ్యా. చూద్దాంలే."

"పోనీ, నేను విరగ్గొట్టలేదని ఆ ఫ్యాక్టరీల వాళ్ళకి ఒక్క మాట చెప్పండి సార్."

"అందరికీ చెప్పేశాక ఇప్పుడు మాట మారిస్తే నాకేం విలువుంటుంది?" అని, ఆయన నా వైపు తిరిగారు. "మీరు చెప్పిందే రైటండి. ఈసారి యాభై మూడే కోయండి. పినియన్ కూడా కొత్తది వేద్దాం. ఎన్ని రోజులైనా పర్లేదు."

లెక్క తేలితే న్యాయం దానంతటదే జరుగుతుందని అప్పటిదాకా నమ్మేవాణ్ణి. ఎవరైనా నిజాన్ని తమకి అక్కరకొచ్చినంత మేరకే తీసుకుంటారని ఆ షెడ్డులో తెలిసింది. గేరు కోసిచ్చాను. ఇప్పటికీ చక్కగా తిరుగుతోందట. కొండలుని మాత్రం ఆ చుట్టుపక్కల ఎవరూ పన్లోకి తీసుకోలేదు. నేను చేసిన రుజువుతో బాగుపడింది ఆ క్రషర్ ఒక్కటే.