నీళ్ళ తొట్టి జరగదు

ఈ ఉదయం కంపెనీ నుంచి కొత్త ఇంజనీరు వచ్చాడు. చేతిలో డ్రాయింగు. ఫర్నేసు తలుపును ఆనుకుని ఉన్న నీళ్ళ తొట్టిని చూసి, "ఇది ఆ గోడ పక్కన ఉండాలి కదా మేడమ్, జరిపించండి" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. "తొట్టి జరగదు. కావాలంటే గోడను జరపండి" అన్నాను. నవ్వాలో భయపడాలో తెలియక, పాపం, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

వనపర్తి శివారులో మా షెడ్డు. గట్టి రకం అల్యూమినియం కడ్డీలను కాచి, యంత్రపు సుత్తి కింద సాగగొట్టి, మళ్ళీ కాచి నీళ్ళలో ముంచి, డ్రోన్లకు కీళ్ళు చేస్తాం. మొదట్లో ఫర్నేసు దగ్గర మా మేనత్తను పెట్టాను. ఆమెది ఖిల్లా ఘణపూర్‌లో కమ్మరి ఇల్లు. మామ పట్టకారుతో ఇనుము పట్టుకుంటే సమ్మెట ఎత్తి కొట్టింది ఈవిడే, అయినా ఊరంతా మామనే కమ్మరి అనేది. వచ్చిన మొదటిరోజే నా కొంప ముంచింది. వేడి చూపే మీటరు చూడమంటే చూడక, ముక్క ఎర్రబడాలని కూర్చుంది. అల్యూమినియం ఎర్రబడదు, తెల్లగా ఉండగానే కరిగిపోతుంది. నాలుగు కడ్డీలు వెన్నలా జారి నేలపాలయ్యాయి. "గిదేం లోహం బిడ్డా, సిగ్గులేనిది! గింత కాల్తే మొఖం గూడ ఎర్రగ చెయ్యదు!" అని దాన్నే తిట్టింది. మర్నాటి నుంచి మాత్రం మీటరు మీద నుంచి కన్ను తీయలేదు.

అయినా పరీక్ష ముక్కలు మెత్తగానే తేలుతున్నాయి. అప్పటి కంపెనీ ఇంజనీరు, నడివయసు మనిషి, అత్త ముందరే అన్నాడు: "కాచిన ముక్క పది సెకండ్లలో నీళ్ళలో పడితేనే తర్వాత గట్టిపడుతుంది మేడమ్. ఈ ముసలామె వల్ల కాదు. ఊడ్చే పనికి పెట్టుకోండి, లేదంటే ఆర్డరు ఇంకోచోటికి పోతుంది." నేను తల ఊపాను. అవును, ఊపాను. ఆ షెడ్డు పోతే నాకు ఇంకో దారి లేదు. ఇప్పటికీ ఆ తల ఊపడం తలచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

అత్త చీపురు వంక కూడా చూడలేదు. పట్టకారు కింద పెట్టి, ఫర్నేసు నుంచి గోడ దాకా అడుగులు వేసింది. పన్నెండు. "కొలిమి కాడ నీళ్ళు గంత దూరముంటయా సారూ? మా ఇంట్ల కూసున్నకాడికెల్లి లేవకుండనే ముంచుతుంటిమి. గీడ తొట్టి పెట్టినోనికి చేతులు లేవా ఏంది?" అని నిలదీసింది. ఆయన డ్రాయింగు చూపించాడు. "కాయితం ముంచుతదా? ముంచేది నేను" అంటూ తొట్టిలో నీళ్ళు పారబోసి, ఒక్కతే ఈడ్చుకొచ్చి తలుపుకు ఆనించి మళ్ళీ నింపింది. ఆరు ముక్కలు కాచింది. తలుపు తీయడం, ముంచడం ఒక్క ఊపులో అయిపోయాయి. ఆయన చేతి గడియారం చూసుకునేలోపే నీళ్ళు బుస్సుమన్నాయి.

ఇనుమైతే ముంచగానే గట్టిపడుతుంది. ఈ రకం అల్యూమినియం అలా కాదు. మెత్తగానే బయటికొచ్చి, ఊరికే బల్ల మీద ఉండి, నాలుగు రోజుల్లో తనంతట తాను గట్టిపడుతుంది. అత్తకు నమ్మకం లేదు. "ఏం చెయ్యకుండ ఎట్ల గట్టిపడ్తది బిడ్డా?" అంది. అయినా ఆయనతో మాత్రం జంకు లేకుండా చెప్పింది: "నాలుగు దినాలైనంక రాండ్రి సారూ. మెత్తగుంటే నేనే పోత. గట్టిగుంటే మల్ల నన్ను ఊడ్వుమనొద్దు." ఆ నాలుగు రోజులూ పొద్దున్నే వచ్చి బల్ల ముందు నిలబడి ఆ ముక్కలను బెదిరించేది. "పరువు తీస్తిరో, చూడుండ్రి!"

అయిదో రోజు ఆయన ఆరింటినీ పరీక్షించాడు. ఆరూ నిలబడ్డాయి. ఆర్డరు కాయితం మీద సంతకం పెట్టాడు. అత్త ఆ మూలనున్న చీపురు తెచ్చి ఆయన కుర్చీకి ఆనించి, పట్టకారు అందుకుని ఫర్నేసు దగ్గరికి పోయింది.

మోకాళ్ళు మొరాయించి ఇప్పుడు ఆమె ఊళ్ళోనే ఉంటోంది. పొద్దున జరిగింది ఫోనులో చెబితే, "గోడను జరుపుమన్నవా!" అని పగలబడి నవ్వింది. ఆ ముక్కలు గట్టిపడడానికి నాలుగు రోజులు సరిపోయాయి. ఎదుటివాడి మొహం మీద "జరగదు" అనడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.