ఉఫ్‌మని ఊదే ఇంజనీరు

అరబ్బు దేశంలో సజ్జా అనే చోట మేం భవనాల నమూనాలు చేసే షెడ్డుకు వచ్చే ఇంజనీరు సారు మా కరీంనగర్ మనిషే. ఏ నమూనా చూసినా ముందు ఉఫ్‌మని దుమ్ము ఊదేవాడు.

ఎక్కడో ఒక దేశపు నియంత తన పేర కొండంత గుమ్మటం కట్టించుకోవాలనుకున్నాడు. కట్టవచ్చో లేదో తేల్చాల్సింది ఈయనే.

"బురద నేల గదా, నిలుస్తదా సార్?" అనడిగాను.

"యాడ నిలుస్తది? నిలుస్తదనే రాసిచ్చిన. మన కంపెనీ నడిపే ముదీర్ ఖుష్, ఆ దేశపు పెద్దసారు ఖుష్."

మ్యాపులో ఉన్నట్టే గుమ్మటం పక్కన నేను అతికించిన ఇళ్లు ఆయనకు నచ్చలేదు. "అడ్డమున్నయ్, పీకెయ్" అని, పీకిన చోట ఉఫ్‌మని ఊదాడు.

గుమ్మటానికి పునాది కూడా పడలేదు. ఆ ఇళ్లను మాత్రం నిజంగానే కూల్చేశారట. ఆ సంగతి చెబితే, సారు కొత్త నమూనా మీద దుమ్ము ఊదుతూ "ఏ ఇండ్లు?" అన్నాడు.