అన్ని తెరల మీదా ఒకటే బొమ్మ

హాల్లో అందరికీ ఆయన తీగల బావే. నిజానికి ఒక్క బామ్మర్దికే బావ. వాడు పొద్దస్తమానం "బావా, బావా" అంటుంటే వంటమనిషి దగ్గర్నుంచి మేనేజరు దాకా అదే పేరు ఖాయం చేసేశారు.

పెళ్లిళ్లకీ సభలకీ అద్దెకిచ్చే హాలు అది. వేదిక మీద జరిగేది భోజనాల గదిలోనూ బాల్కనీలోనూ గుమ్మం దగ్గరా కనబడాలి. పైగదిలో కంప్యూటరు ఉంటుంది. దాన్నుంచి ఒకే తీగ కిందున్న డబ్బాలోకి దిగుతుంది. ఆ డబ్బా అదే బొమ్మని అన్ని టీవీలకీ పంచిపెడుతుంది. పైన బామ్మర్ది, కింద బావ. తీగలు తగిలించడం, టీవీ టీవీకీ తిరిగి చూడడం బావ పని.

ఇక ఇద్దరికీ రోజూ కూలి ఇవ్వలేమనీ, ఇద్దర్లో ఒకరికే పర్మినెంటు ఉద్యోగం ఇస్తామనీ మేనేజరు చెప్పాడు.

"నువ్వుండగా నాకెందుకు బావా? నేను బయట ఏదో చూసుకుంటాలే" అన్నాడు బామ్మర్ది. ఆ మాటకి బావ కడుపు నిండిపోయింది.

బావకి ఒకటే బెంగ. కళ్లు మసకబారుతున్నాయి. దూరానివి పర్వాలేదు, దగ్గరివన్నీ అలుక్కుపోయినట్టుంటాయి. అదే హాల్లో ఊడ్చే పెళ్లానికి కూడా చెప్పకుండా ఒక్క బామ్మర్దికే చెప్పుకున్నాడు. తీగల మీది అంకెలు కనబడక కొసలకి దారంతో ముళ్లు వేసుకున్నాడు. వేళ్లతో తడిమి తగిలించేస్తాడు. ఈ ముళ్ల సంగతి మాత్రం, నవ్వుతాడేమోనని, వాడికీ చెప్పలేదు.

ఆ మధ్యాహ్నం తీగలన్నీ ఊడదీసి దుమ్ము దులిపారు. మళ్లీ తగిలించడానికి మసక కళ్ల బావకి చాలాసేపు పడుతుందనుకున్నాడు పైగదిలో కంప్యూటరు ముందున్న బామ్మర్ది. బావ వేళ్లు చకచకా కానిచ్చేశాయి. ఆయన భోజనాల గదిలోకొచ్చి తలెత్తాడు.

టీవీ మీద అక్షరాలు ఒక్కొక్కటే పుడుతున్నాయి. గుమ్మడికాయలంత ఉన్నాయి.

"సార్, బావకి చూపు పోతోంది. దాచిపెడుతున్నాడు. ఉద్యోగం నాకిప్పించండి. నేను చెప్పానని తెలియనివ్వకండి."

వంటమనిషి గరిటె ఆపింది. "ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, మన టీవీ పట్టేసింది చూడు!" అని నవ్వబోయి, ఆయన మొహం చూసి మళ్లీ గరిటె తిప్పింది.

ఫోను మోగింది.

"బావా, ఇంకా అవలేదా? నిదానంగానే కానియ్, తొందరేం లేదు."

"అయిపోయింది రా. బొమ్మ బాగా వస్తోంది. అన్నిట్లోనూ."

టీవీ నల్లబడింది. కాసేపటికి వాడే మెట్లు దిగొచ్చాడు.

"పొరపాటైపోయింది బావా..."

"ఏది రా పొరపాటు? రాయడమా, నేను చూడడమా?"

గుమ్మం దగ్గర ఊడుస్తున్న భార్య చీపురుతోనే వచ్చేసింది. తమ్ముణ్ణి దాటుకుని మొగుడి ముందు నిలబడింది.

"వాడి సంగతి తర్వాత. కళ్ల సంగతి వాడికి చెప్పి నాకు చెప్పవా? నేనేమన్నా పరాయిదాన్నా?"

తెలిసిపోయిందన్న సిగ్గు కంటే ఆయనకి ఆ ప్రశ్నే ఎక్కువ గుచ్చుకుంది.

మేనేజరు కూడా బాల్కనీలో చదివేసి కిందికొచ్చాడు. "అద్దాలు పెట్టుకుంటే సరిపోయేదానికి ఇంత గోలెందుకు బావా? ఉద్యోగం నీదే. పైన మాత్రం పెళ్లిళ్లున్న రోజుల్లో వీణ్ణే కూలికి కూర్చోబెడదాం, అలవాటైనవాడు."

"వేరేవాళ్లని చూడండి సార్. నేర్పుకుంటాను" అన్నాడు బావ.

"వాడికీ పిల్లలున్నారయ్యా" అంది భార్య మొగుడితో, గొంతు తగ్గించి.

"ఇంటికొస్తే అన్నం పెట్టవే, నేను కాదన్నానా? కూరలు కూడా నేనే వడ్డిస్తా. పని దగ్గర మాత్రం నా వెనకాల వాణ్ణి కూర్చోనివ్వను."