నీళ్ల కూలర్ పక్కన

బహ్రెయిన్‌లో ఆ మధ్యాహ్నం నన్ను సల్మాబాద్ నుంచి అమ్వాజ్‌కు తీసుకెళ్లింది జగిత్యాల రాజన్న. గ్యారేజీ మెకానిక్. ఎవరో వదిలేసిన చిన్న పాత ఎలక్ట్రిక్ కారును బాగుచేసుకుని నడుపుతున్నాడు.

"ఫుల్ ఛార్జింగ్ పెడితే జగిత్యాల నుంచి కరీంనగర్ దాకా పోతది సార్. ఖర్చంటరా, మన చాయ్‌ ఖర్చంత. గింత దేశానికి గది సాలదా?" అన్నాడు.

ఎండకు తాళలేక ఏసీ వేయమన్నది నేనే. దారిలోనే ఛార్జింగ్ అడుగంటింది. సాయంత్రం నా విమానం, సామానేమో అమ్వాజ్‌లో!

రాజన్న ఒక ఇంటి ముందు ఆపాడు. బాటసారుల కోసం గోడ బయట చల్లటి నీళ్ల కూలర్ ఉంది. గబగబా రెండు గ్లాసులు తాగాను. గేటు తెరుచుకుని బయటికొచ్చిన అరబ్బు పెద్దాయన కారును చూసి, ఏమీ అడగకుండా లోపలినుంచి పొడవాటి వైరు లాక్కొచ్చాడు. మాకు కుర్చీలు వేసి, ఖర్జూరాలు పెట్టాడు.

గంటన్నర తర్వాత రాజన్న జేబులో చెయ్యి పెట్టాడు. పెద్దాయన నావైపు తిరిగి చక్కటి హిందీలో అడిగాడు: "మీరు తాగిన నీళ్లకు ఎంతిచ్చారు?"

కారు కదిలాక వెనక్కి చూశాను. ఆయన వైరును లోపలికి తీసుకుపోలేదు. చుట్టచుట్టి కూలర్ మీద, గ్లాసుల పక్కన పెడుతున్నాడు.